దోషం ప్యాడ్‌దా, మిషన్‌దా?

కారు పాలిష్ చేసే మిషన్ కొత్తది. పెట్టె విప్పి, గంధం బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేస్తారు. అడుగున ఉన్న స్పాంజి ప్యాడ్ నిలకడగా తిరగాల్సింది పోయి ఒక పక్కకు ఊగుతుంది. చేతిలో మిషన్ గడగడ వణుకుతుంది. బానెట్ మీద ఆనించేసరికి ప్యాడ్ అంచు టపటపా కొట్టుకుని, మెరవాల్సిన చోట వంకర గీతలు పడతాయి. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం, ఎక్కడి కారు డెకార్ షాపులోనైనా పనివాళ్ళకు ఇది తెలిసిన బెడదే.

తీర్పులు మాత్రం వెంటనే వచ్చేస్తాయి. "కుర్రాడికి పట్టుకోవడం రాదు" అంటాడు యజమాని. "మిషనే డూప్లికేట్ అండీ" అంటాడు కుర్రాడు. అమ్మినాయన ఫోన్‌లో "మా మిషన్‌కి ఏ లోపమూ లేదండి, ప్యాడ్ మీరే సరిగ్గా అంటించి ఉండరు" అంటాడు. పక్క షాపు పెద్దాయన మాత్రం గడప దగ్గరే నిలబడి, "మంగళవారం పూట మొదలెట్టారేంట్రా, ముందు దిష్టి తీయించండి" అని చెప్పి వెళ్తాడు.

నలుగురూ నాలుగు వైపులకు వేలు చూపించినా నలుగురి ఊహా ఒక్కటే. దోషం ఎక్కడో ఒక్కచోట ఉండి తీరాలి: మనిషిలోనో, యంత్రంలోనో, ప్యాడ్‌లోనో, వారంలోనో. ఆ ఒక్కటి దొరికితే మిగిలినవన్నీ నిర్దోషులవుతాయి. వినడానికి ఇది సహజంగానే ఉంటుంది. కానీ ఎన్నో ఇళ్ళలో, ఎన్నో పనిచోట్ల అన్యాయం ఈ ఊహతోనే మొదలవుతుంది. అందుకే దోషం నిజంగా ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నను మన తార్కికులు ఎలా పరిశీలించారో, ఈ ఊగే ప్యాడ్‌ను ఎదురుగా పెట్టుకునే చూడటం మేలు.

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం సంస్కృత పాఠశాలల్లో తర్కం మొదలుపెట్టే పిల్లల చేతికి ఇచ్చే తొలి పుస్తకం. కణాదుడి వైశేషికాన్నీ గౌతముడి న్యాయాన్నీ కలిపి చిన్న చిన్న వాక్యాల్లో చెప్పిన గ్రంథం అది. ఉన్నదంతా అందులో 7 పదార్థాల కింద సర్దారు: ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. గుణాలు మళ్ళీ 24. రంగు, రుచి, వాసన ఆ లెక్కలోనివే. సంయోగం, అంటే రెండు వస్తువుల కలయిక, అది కూడా ఆ 24లో ఒకటి.

రంగూ రుచీ ఒక్కొక్క వస్తువులో ఉంటాయి. మామిడిపండు పసుపు ఆ పండులోనే ఉంది, తీపీ ఆ పండులోనే ఉంది. సంయోగం సంగతి వేరు. అది ఉండటానికి రెండు వస్తువులు కావాలి. రెండింటినీ ఒకేసారి ఆశ్రయించుకుని ఉంటుంది, ఏ ఒక్కదానికీ సొంతం కాదు. కాబట్టి కలయికలో వచ్చిన లోపాన్ని ఒక్క వస్తువు మీదే మోపడానికి ఈ శాస్త్రం ప్రకారం వీల్లేదు. ప్యాడ్‌ను మోసే ప్లేటు ఒకటి, మిషన్ నుంచి బయటికి వచ్చిన స్పిండిల్ ఒకటి. ఊపు వాటి కలయికలో పుడితే అది ప్లేటుదీ కాదు, స్పిండిల్‌దీ కాదు.

తార్కికులు ఇక్కడితో ఆగలేదు. కలయికకు వాళ్ళు కారణం హోదా ఇచ్చారు. గుడ్డ పుట్టడానికి నూలుపోగులు సమవాయి కారణం, ఆ పోగుల సంయోగం అసమవాయి కారణం, మగ్గమూ నేత పనిముట్లూ నిమిత్త కారణం. ఈ ఉదాహరణ కోసం గోదావరి డెల్టావాళ్ళు పుస్తకం దాకా వెళ్ళనక్కర్లేదు. ఉప్పాడలో జామ్‌దానీ నేసే మగ్గం ముందు, బండారులంకలోనో పులుగుర్తలోనో నేతవాళ్ళ అరుగు మీద కాసేపు కూర్చుంటే చాలు. పట్టు మేలైనదే, జరీ మేలైనదే, అద్దకమూ బాగుంది. పడుగులో పేక పడాల్సిన చోట పడకపోతే చీర చెడుతుంది. చీర చెడినా ఏ పోగూ చెడలేదు. పోగులన్నీ నిక్షేపంగా ఉండగానే గుడ్డ పాడవగలదన్న సంగతిని శాస్త్రంలో ఒక విభాగంగా పెట్టి చెప్పడం పెద్ద ఆలోచన. దానికి రావాల్సినంత పేరు రాలేదు.

ఇక కొలతల్లోకి. పాలిషింగ్ మిషన్లు ముఖ్యంగా రెండు రకాలు. రోటరీ మిషన్‌లో ప్యాడ్ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది. డ్యూయల్ యాక్షన్ అనే రెండో రకంలో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కకు జరిగిన మరో ఇరుసు చుట్టూ కూడా తిరుగుతుంది. మన దేశంలో, యూరప్‌లో దొరికే రోటరీ మిషన్ల స్పిండిల్ మర ఎక్కువగా ఎం14. అంటే మందం 14 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య 2 మిల్లీమీటర్లు. అమెరికా మార్కెట్ కోసం చేసినవాటిలో ఎక్కువగా 5/8 అంగుళం, అంగుళానికి 11 చుట్లు. లెక్క కడితే 15.88 మిల్లీమీటర్ల మందం, చుట్టుకు 2.31 మిల్లీమీటర్లు. కంటితో చూస్తే ఈ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. 5/8 ప్లేటును ఎం14 స్పిండిల్ మీదికి ఎక్కిస్తే ఎక్కినట్టే ఉంటుంది. కానీ మరలు పైపైన అందుకుంటాయే తప్ప పట్టుకోవు. మెకానిక్కులు "ఆట ఉంది" అనేది దీన్నే. డ్యూయల్ యాక్షన్ మిషన్లలో చిక్కు ఇంకా సన్నం. వాటి ప్లేటు బోల్టు చాలా వాటిలో 5/16 అంగుళం, అంగుళానికి 24 చుట్లు, అంటే 7.94 మిల్లీమీటర్లు. దాని పక్కన 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టు పెడితే తేడా కనిపించదు. చుట్టు దూరం మాత్రం ఒకదానికి 1.06, రెండోదానికి 1.25. మొదటి చుట్టు ఎక్కుతుంది, ఆ తర్వాత బిగుసుకుపోతుంది. కొత్తది కదా, బిగుతుగానే ఉంటుందిలే అని స్పానర్‌తో బలవంతం చేస్తే రెండింటి మరలూ చెడతాయి.

ఇక ఎవరు తప్పు చేసినట్టు? 5/8 ప్లేటు తన జాతి మిషన్ మీద నిక్కచ్చిగా తిరుగుతుంది. ఎం14 స్పిండిల్ తన ప్లేటుతో నిక్కచ్చిగా తిరుగుతుంది. రెండింటినీ విడివిడిగా పరీక్షకు పెడితే రెండూ నెగ్గుతాయి. కలిపితే ఊగుతాయి. అన్నంభట్టు చెప్పిన గుణం ఇక్కడ చేతికి తగులుతుంది.

తగలడం అంటే మాటవరసకు కాదు. 100 గ్రాముల ప్యాడ్ కేంద్రం నుంచి 5 మిల్లీమీటర్లు జరిగి అంటుకుని, నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. పక్కకు లాగే బలం దాదాపు 22 న్యూటన్లు, అంటే రెండు కిలోలకు పైగా బరువు లాగినంత. ఆ లాగుడు సెకనుకు 33 చుట్లు తిరుగుతూ మణికట్టు మీద పడుతుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే బలం నాలుగో వంతుకు దిగుతుంది. కారు మీద పైన ఉండే క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుక కన్నా పలచన. దాని మీద ఊగే ప్యాడ్ ఎంతసేపు ఆడితే అంత నష్టమని వేరే చెప్పక్కర్లేదు. వైశేషికులు వేగాన్ని సంస్కారం అనే గుణంలో ఒక రకంగా లెక్కించారు. నొక్కితే అణిగి, వదిలితే మళ్ళీ తన ఆకారానికి వచ్చే శక్తిని స్థితిస్థాపకం అన్నారు, చుట్టిన చాపను దానికి ఉదాహరణగా చూపించారు. స్పాంజి ప్యాడ్ పనితనమంతా ఆ రెండింటి మీదే నడుస్తుంది.

పరీక్ష ఎలా చేయాలన్నది ఇక్కడ అసలు విషయం. తార్కికులు అనుమాన ప్రమాణానికి పెట్టిన పునాదుల్లో అన్వయ వ్యతిరేకాలు ముఖ్యమైనవి. ఏది ఉంటే ఇది ఉంటుంది, ఏది లేకపోతే ఇది ఉండదు, రెండువైపులా చూడాలి. ముందు ప్లగ్గు తీసేయాలి. ప్యాడ్‌ను ఊడదీసి, ప్లేటును చేత్తో తిప్పి, పక్క నుంచి అంచు చూడాలి. ప్లేటు అంచు నిలకడగా ఉంటే మరలో దోషం లేదు. ప్యాడ్ నడిమధ్యన అంటుకుందో లేదో చూసుకోవాలి. ప్యాడ్ ప్లేటు కన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. ప్లేటే పెద్దదైతే దాని గట్టి అంచు పెయింటును కొడుతుంది. ప్లేటు అంచే ఊగుతుంటే ప్లేటును విప్పి వెర్నియర్ కాలిపర్‌తో స్పిండిల్ కొలవాలి. ఆ తర్వాత పాత మిషన్ ప్లేటును కొత్త మిషన్‌కు, కొత్త ప్లేటును పాత మిషన్‌కు మార్చి చూడాలి, రెండింటి మర ఒకటే అని తేల్చుకున్నాకే. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఊపు ప్లేటు వెంట వెళ్తే ప్లేటుది, మిషన్‌లోనే మిగిలితే స్పిండిల్‌దో బేరింగ్‌దో, రెండు చోట్లా మాయమైతే ఆ జంటది. మళ్ళీ నడిపేటప్పుడు తక్కువ వేగంలోనే మొదలుపెట్టాలి.

"వణుకుతోంది కాబట్టి మిషన్ చెడ్డది" అనే మాటను తర్కం ఒప్పుకోదు. పొగ ఉన్నచోట నిప్పు ఉందని చెప్పగలం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉందని మాత్రం చెప్పలేం, ఎర్రగా కాలిన ఇనుప కడ్డీలో పొగ లేదు కదా. వణుకు ఉన్నచోటల్లా మిషన్ చెడ్డదై ఉండాల్సిన పని లేదు. డ్యూయల్ యాక్షన్ మిషన్ లోపల ప్యాడ్ బరువుకు సరితూగే ఎదురు బరువు ఒకటి ఉంటుంది. 5 అంగుళాల ప్లేటుకు కుదిర్చిన మిషన్‌కు 6 అంగుళాలది తగిలిస్తే అన్నీ కొత్తవే అయినా వణుకుతుంది. మిషన్‌ను వాల్చి పట్టినా, గట్టిగా అదిమినా ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే కదులుతుంది. ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకుంటే తిరుగుతోందో లేదో కంటికే తెలుస్తుంది. ఈ వణుకులా నిలవని హేతువుకు తార్కికులు సవ్యభిచారం అని పేరు పెట్టి, హేత్వాభాసాల్లో, అంటే చెల్లని హేతువుల్లో, మొదటి వరసలో చేర్చారు.

ఇంకో చోట వాళ్ళ సూక్ష్మం మెచ్చుకోవాలి. 7 పదార్థాల్లో చివరిది అభావం. లేకపోవడం కూడా ఒక పదార్థమే. కొన్ని మిషన్లకు ప్లేటు వెనక సన్నని వాషరు ఒకటి ఉండాలి. అది లేకపోతే ప్లేటు వెనకభాగం మిషన్ రబ్బరు తొడుగును ఒరుసుకుని తిరగకుండా ఆగిపోతుంది. పెట్టెలో ఉన్న వస్తువులన్నింటినీ ఎన్నిసార్లు పరీక్షించినా ఈ దోషం దొరకదు. ఉన్నవాటన్నింటిలోనూ వెతుకుతూ, ఉండాల్సింది లేదన్న సంగతి చూడనివాడికి జవాబు ఎప్పటికీ అందదు. మనిషి జీవితంలోనూ ఎన్నో కష్టాలు ఈ జాతివే. ఆ ఇంట్లో అందరూ మంచివాళ్ళే, మధ్యన ఉండాల్సిన ఒక్క మాట లేదు.

శబ్ద ప్రమాణం సంగతి కూడా ఉంది. ఆప్తుడి వాక్యం ప్రమాణం. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో స్పిండిల్ మర కొలత రాసి ఉంటే అది ఆప్తవాక్యం, చదవకుండా పక్కన పడేయకూడదు. ప్లేటు కవరు మీద "అన్ని మిషన్లకూ సరిపోతుంది" అని ఉంటే అది ఆప్తవాక్యం కాదు. అన్నింటికీ సరిపోయే మర లోకంలో లేదు. మన ఊళ్ళలో ఇనుము కోసే 4 అంగుళాల గ్రైండర్ స్పిండిల్ ఎక్కువగా 10 మిల్లీమీటర్లదే ఉంటుంది. దానికి ప్యాడ్ తగిలించి పాలిష్ చేయబోయేవాళ్ళు అక్కడక్కడా కనిపిస్తారు. అది నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది, పాలిషింగ్ మిషన్ 600 నుంచి 3,000 మధ్య తిరుగుతుంది. మర కుదిరినా ఆ పని కుదరదు.

కలయిక అంటే ఏమిటన్న ప్రశ్నకు బౌద్ధులు వేరే కొస నుంచి వచ్చారు. మిళిందపన్హా అనే గ్రంథంలో నాగసేన భిక్షువు గ్రీకు రాజు మిళిందుణ్ణి రథం గురించి అడుగుతాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా, అన్నీ కలిసి రథమా, వీటికి అవతల ఇంకేదైనా రథమా? దేనికీ అవునని రాజు అనలేకపోతాడు. భాగాల మీద మనం పెట్టుకున్న వ్యవహారనామమే రథం అని తేలుతుంది. ఈ బౌద్ధం డెల్టాకు దూరపు సంగతి కాదు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ గుహలు, కోనసీమలో ఆదుర్రు స్తూపం ఇప్పటికీ దాని సాక్షులు. నైయాయికులు, అంటే గౌతముడి న్యాయాన్ని అనుసరించేవాళ్ళు, నాగసేనుడి మాట ఒప్పుకోలేదు. భాగాలు కలిశాక అవయవి అనే కొత్త వస్తువు నిజంగానే పుడుతుందన్నారు. ఈ వాదం వందల ఏళ్ళు సాగింది.

2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం మంటల్లో కాలిపోయినప్పుడు డెల్టా జనం కంటతడి పెట్టారు. 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవాల నాటికి కొత్త రథం సిద్ధమైంది. కర్ర కొత్తది, చక్రాలు కొత్తవి, ఒక్క మేకు కూడా పాతది కాదు. అయినా తాళ్ళు పట్టుకున్న భక్తులకు అది స్వామివారి రథమే. ఇందులో బౌద్ధుడికీ నైయాయికుడికీ ఇద్దరికీ చెప్పుకోవడానికి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కూడా అంతే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలు, మధ్యలో లంకలు, మొత్తం 175 గేట్లు. భుజాలు ఒకదాన్నొకటి తాకకపోయినా ఊళ్ళో అందరి నోటా అది ఒకటే ఆనకట్ట. పాలిషింగ్ మిషన్ విషయంలో మాత్రం నైయాయికుల మాటే నిలుస్తుందనిపిస్తుంది. మోటారు, ప్లేటు, ప్యాడ్ పక్కపక్కన పెట్టినంత మాత్రాన, మరల్లో నామమాత్రంగా తగిలించినంత మాత్రాన పాలిష్ చేసే వస్తువు పుట్టదు. కుదిరినప్పుడే పుడుతుంది. పేరు ఒక్కటే అయి ఉంటే కుదరని జత కూడా పనిచేయాలి కదా.

మరి దేవుడి సంగతి? గడప దగ్గర పెద్దాయన మాటను కొట్టిపారేయడం తర్కం పని కాదు. ఈశ్వరుడు, కాలం, దిక్కు, అదృష్టం వంటివి కార్యాలన్నింటికీ సాధారణ కారణాలని తార్కికులు ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే ఒక గీత గీశారు. అన్నింటికీ సమానంగా ఉన్న కారణం, ఈ ఒక్క ప్యాడ్ ఎందుకు ఊగుతోందో, పక్కది ఎందుకు ఊగడం లేదో చెప్పలేదు. దానికి అసాధారణ కారణం వెతకాలి. విజయదశమికి షాపులో మిషన్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి చేసే ఆయుధపూజ సాధారణ కారణానికి చేసే నమస్కారం. అందులో అవమానించాల్సింది ఏమీ లేదు. ఏడాదంతా అన్నం పెట్టిన పనిముట్టు ముందు చేతులు జోడించేవాడి మర్యాద గొప్పది. కానీ అదే చేతులు కాలిపర్ కూడా పట్టుకోవాలి. నిమ్మకాయ మరను సరిచేయదు, అది సరిచేస్తుందని శాస్త్రమూ చెప్పలేదు.

భగవద్గీత 18వ అధ్యాయంలో కృష్ణుడు ఏ కర్మ సిద్ధించడానికైనా అయిదు కారణాలు లెక్కపెడతాడు. ఆధారం, కర్త, రకరకాల పనిముట్లు, వేర్వేరు చేష్టలు, అయిదోది దైవం. ఆ వరస చూడాలి. దైవం లేదని అనలేదు, కానీ దాన్ని మొదట చెప్పలేదు. తానొక్కడే కర్తననుకునేవాడు సరిగ్గా చూడటం లేదని కూడా వెంటనే అంటాడు. చేతకాని కుర్రాడి వల్లే చెడిందనే యజమాని అయిదు కారణాల్లో ఒక్కటే చూశాడు. దిష్టి అన్న పెద్దాయన చివరి దానితో మొదలుపెట్టాడు.

"గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ" అనే మాట మన ఇళ్ళలో ఇంకా వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన దాన్నిబట్టి మంచీ చెడూ లెక్కగట్టడం దీని పద్ధతి. కొత్త ఆవు వచ్చాక పాడి తగ్గితే ఆవు మీద, కొత్త కోడలు వచ్చాక మామగారికి జబ్బు చేస్తే కోడలి పాదం మీద. కుండ తయారవడానికి మన్ను మోసిన గాడిద ఉంది, అయినా కుండకు గాడిద కారణం కాదని తర్కశాస్త్రం తేల్చి చెప్పింది. పని జరగడానికి ముందు అక్కడ ఉన్నంత మాత్రాన కారణం అయిపోదు. దాన్ని అన్యథాసిద్ధం అన్నారు. గడపలో కాలు పెట్టిన రోజుకూ జబ్బుకూ ఉన్న సంబంధం ఆ గాడిదకూ కుండకూ ఉన్నంతే. ఆ మాటతో ఎంతమంది ఆడపిల్లల బతుకులు నలిగాయో లెక్కలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం పంతులుగారు ఎదుర్కొన్నదీ ఈ జాతి నమ్మకాన్నే. భర్త పోతే ఆ చావుకు దోషం బతికి ఉన్న అమ్మాయి నుదుటి మీద రాసేవాళ్ళు.

ఒక గట్టి అభ్యంతరం ఉంది. దోషం కలయికలో ఉందంటే ఎవరి బాధ్యతా లేదని తప్పించుకోవచ్చు కదా? తప్పించుకోకూడదు. కలయిక తనంతట తాను జరగదు, కలిపినవాడు ఉంటాడు. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడుతుంటే పక్క నగరాల నుంచి ఫైరింజన్లు వచ్చాయి. మనుషులు ఉన్నారు, గొట్టాలు ఉన్నాయి, నీళ్ళు ఉన్నాయి. చాలా గొట్టాల మర అక్కడి కొళాయిలకు కుదరలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. ఏ ఊరి గొట్టమూ చెడ్డది కాదు, కానీ ఊళ్ళన్నీ కలిసి ఒక కొలత మాట్లాడుకోకపోవడం ఎవరో ఒకరు చేయని పనే. దేశాల మధ్యా ఇదే చిక్కు. బ్రిటన్‌లో విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో ఒక మర పద్ధతి ప్రతిపాదించాడు, అమెరికాలో సెల్లర్స్ 1864లో మరొకటి. మొదటిదానిలో మర కోణం 55 డిగ్రీలు, రెండోదానిలో 60. రెండో ప్రపంచయుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన దేశాల బోల్టులు ఒకదానికొకటి ఎక్కక అవస్థపడ్డాకే, 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా ఒక ఉమ్మడి మరకు సంతకాలు చేశాయి.

మన చట్టం కూడా ఇదే చూపుతో ఉంది. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వస్తువు తయారీలో లోపంతో పాటు, హాని జరగకుండా చూసే సూచనలు సరిగ్గా ఇవ్వకపోవడం కూడా ఉత్పత్తి బాధ్యత కిందికి వస్తుంది. అంటే ప్లేటు బాగుంది, మిషన్ బాగుంది అన్న జవాబు చాలదు. ఏది దేనికి కుదురుతుందో చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళ వైపు ఉంది.

అందుకే గోదావరి జిల్లాల్లో ఈ సామాన్లు అమ్మే వ్యాపారులకు ఒక విన్నపం. ప్రతి ప్లేటు కవరు మీదా, ప్రతి మిషన్ పెట్టె మీదా మర కొలతను తెలుగులో, పెద్ద అక్షరాలతో అంటించండి. ఎం14 అయితే ఎం14 అని, 5/8 అయితే 5/8 అని. కొనేవాళ్ళు బిల్లు కట్టకముందే ప్లేటును స్పిండిల్‌కు అక్కడే బిగించి, ఆట ఉందో లేదో చూపించమని అడగండి. షాపు యజమానులకు ఇంకో మాట. ఊగిన ప్యాడ్ వల్ల బానెట్ మీద గీతలు పడితే, స్పిండిల్ కొలవకముందు పనికుర్రాడి జీతంలో పైసా కూడా కోయకండి.